పాత సంవత్సరం అంకెల్ని ఏం చేశారు?

"అకౌంటింగ్ పద్ధతి మారితే ఏమవుతుందండీ, క్యాష్ మారదుగా!" ఈ మధ్య ఒక మీటింగులో ఓ కంపెనీ ఫైనాన్స్ హెడ్ అన్న మాట ఇది. చుట్టూ ఉన్నవాళ్లు తలూపారు. 2016లో ఇండ్ ఏఎస్, అంటే మన దేశపు కొత్త అకౌంటింగ్ స్టాండర్డ్‌లు, మొదలైనప్పుడు ఇదే మాట విన్నాను. 2018లో ఆదాయం ఎప్పుడు చూపాలో చెప్పే రెవెన్యూ స్టాండర్డ్ వచ్చినప్పుడూ విన్నాను. 2019లో లీజుల స్టాండర్డ్ వచ్చినప్పుడైతే రోజూ ఎవరో ఒకరి నోట వినేవాణ్ణి. ఇప్పుడు లాభనష్టాల ఖాతా రూపాన్నే మార్చే ఇండ్ ఏఎస్ 118 ముసాయిదా మన ముందుంది కాబట్టి మళ్లీ వినిపిస్తోంది.

ఆ మాటతో నాకు పేచీ ఉంది. ఏళ్ల తరబడి యాన్యువల్ రిపోర్టులు చదువుతూ, కొన్నాళ్లు వాటి తయారీలో కూర్చుని పనిచేసి నేనొక అభిప్రాయానికి వచ్చాను. ఒక కంపెనీని అర్థం చేసుకోవాలంటే అది కొత్త స్టాండర్డ్‌లోకి మారిన ఏడాది రిపోర్టు తీయాలి. అందులో ఈ ఏడాది అంకెల పక్కన కుడివైపు ఉండే పాత ఏడాది గడి చూడాలి. దాన్ని కొత్త లెక్క ప్రకారం మళ్లీ రాశారా, ఉన్నదున్నట్టు వదిలేశారా? వదిలేస్తే ఎందుకు వదిలేశారు? ఆ కంపెనీ తన వాటాదార్లను ఏమాత్రం పట్టించుకుంటుందో అక్కడ తెలుస్తుంది. లిస్టెడ్ కంపెనీలన్నీ పాత ఏడాదిని తిరిగి రాయాల్సిందేనని నా వాదన. దీనికి ఎదురు వాదనలు ఉన్నాయి, కొన్ని గట్టివే. వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

క్యాష్ మారదన్న మాట

ముందు ఈ సంగతి తేల్చుకుందాం. ఒక షాపు ఉంది. నెలకు లక్ష రూపాయల అద్దె, ఇంకా తొమ్మిదేళ్ల లీజు. పాత పద్ధతిలో ఏడాదికి 12 లక్షలు అద్దె ఖర్చు కింద రాస్తే అయిపోయింది. లీజుల స్టాండర్డైన ఇండ్ ఏఎస్ 116 ప్రకారం ఆ తొమ్మిదేళ్ల అద్దెను నేటి విలువకు కుదించి అప్పుగా చూపాలి. 9 శాతం వడ్డీ రేటు వేసి, అద్దె నెలాఖరున కడతామనుకుంటే అది దాదాపు 73.8 లక్షలవుతుంది. అంత విలువే ఆస్తిగానూ వస్తుంది. మొదటి ఏడాది తరుగుదల 8.2 లక్షలు, వడ్డీ 6.4 లక్షలు. మొత్తం 14.6 లక్షలు. చివరి ఏడాదికి వచ్చేసరికి ఇదే ఖర్చు 8.8 లక్షలకు దిగుతుంది. తొమ్మిదేళ్లూ కలిపితే పాత లెక్కైనా కొత్త లెక్కైనా 108 లక్షలే.

ఇంటి ఓనరుకు వెళ్లే డబ్బు మారదు, నిజమే. కానీ అద్దె అన్న పద్దు మాయమైంది కాబట్టి ఎబిటా, అంటే వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభం, మొదటి ఏడాదే 12 లక్షలు పెరిగింది. పన్నుకు ముందు లాభం 2.6 లక్షలు తగ్గింది. అప్పు 73.8 లక్షలు పెరిగింది. ఇలాంటి షాపులు మూడు వందలున్న కంపెనీని ఊహించుకోండి. బ్యాంకు లోను ఒప్పందంలో అప్పు ఎబిటాకు ఇన్ని రెట్లు దాటకూడదన్న షరతు ఉంటుంది. ఒప్పందం రాసుకున్న రోజు ఈ లెక్క ఎవరి బుర్రలోనూ లేదు. ఇక బ్యాంకుతో మళ్లీ కూర్చోవాలి. మేనేజరు బోనసు ఎబిటా మీద కట్టి ఉంటే ఆయన ఒక్క బిర్యానీ కూడా ఎక్కువ అమ్మకుండానే టార్గెట్ దాటేస్తాడు. కంపెనీల చట్టం 197వ సెక్షన్ డైరెక్టర్ల జీతభత్యాలకు నికర లాభంలో 11 శాతం అని గీత గీసింది. ఆ లెక్క మొదలయ్యేది ఈ ఖాతాలోని లాభం నుంచే. మ్యాట్, అంటే ఖాతాల్లోని లాభం మీద వేసే కనీస పన్ను, కట్టే కంపెనీల విషయంలో ఇండ్ ఏఎస్‌లోకి మారినప్పుడు రిజర్వుల్లో (పోగుపడ్డ పాత లాభాల్లో) సర్దిన కొన్ని మొత్తాల్ని ఐదేళ్లపాటు ఐదో వంతు చొప్పున పన్ను లెక్కలో కలపాలని 2017 ఫైనాన్స్ చట్టంలోనే పెట్టాల్సి వచ్చింది. అకౌంటింగ్ మార్పు ఒట్టి కాగితం మార్పే అయితే ప్రభుత్వం ఇంత దూరం ఎందుకు వస్తుంది?

పెదనాన్న అడిగిన ప్రశ్న

మా పెదనాన్న రిటైరయ్యాక కొద్దికొద్దిగా షేర్లు కొంటుంటారు. తెలుగు పేపర్లో చిన్న అక్షరాలతో పడే ఫలితాల ప్రకటనలు భూతద్దం పెట్టుకుని మరీ చదువుతారు. 2018లో ఓ రోజు ఫోన్ చేశారు. "ఒరేయ్, ఆ బిల్డరు కంపెనీ అమ్మకాలు పోయినేడు మీద సగానికి సగం పడిపోయినట్టున్నాయిరా. అమ్మేసి బయటపడమంటావా?"

అమ్మకాలు పడిపోలేదు. అమ్మకం ఎప్పుడు లెక్కలోకి తీసుకోవాలన్న నియమం మారింది. అంతకుముందు నిర్మాణ ఖర్చులో 25 శాతం అయి, అమ్మకానికున్న విస్తీర్ణంలో 25 శాతానికి ఒప్పందాలు కుదిరి, ఒక్కో ఒప్పందం మీద 10 శాతం డబ్బు చేతికొస్తే, అనుమతులన్నీ ఉన్న ప్రాజెక్టులో పని జరిగిన మేరకు ఆదాయం చూపించుకునేవారు. 2018 ఏప్రిల్ 1 నుంచి ఇండ్ ఏఎస్ 115 వచ్చింది. చాలామంది బిల్డర్లు ఫ్లాటు తాళాలు ఇచ్చాకే ఆదాయం అన్న పద్ధతికి మారారు. మార్పు మంచిదే. సగం లేచిన గోడల మీద లాభం చూపించుకోవడం నాకెప్పుడూ నచ్చలేదు.

చిక్కంతా మారిన తీరులో ఉంది. స్టాండర్డ్ రెండు దారులు ఇచ్చింది. పాత ఏడాదిని కూడా కొత్త పద్ధతిలో తిరిగి రాయడం ఒకటి. పాత ఏడాదిని ముట్టుకోకుండా, తేడా మొత్తాన్ని 2018 ఏప్రిల్ 1న రిజర్వుల్లోంచి తీసేయడం రెండోది. రెండోదారి పట్టిన కంపెనీల్లో ఏం జరిగిందో చూడండి. 2016–17లో పని జరిగిన మేరకు ఆదాయం చూపారు, లాభం చూపారు. తాళాలు ఇంకా ఇవ్వలేదు కాబట్టి 2018 ఏప్రిల్ 1న ఆ లాభాన్ని రిజర్వుల్లోంచి చప్పుడు లేకుండా తీసేశారు. 2019–20లో తాళాలిచ్చారు. అదే ఫ్లాటు, అదే ఆదాయం మళ్లీ లాభనష్టాల ఖాతాలోకి వచ్చింది. ఒకే అమ్మకం రెండు వేర్వేరు ఏళ్ల ఖాతాల్లో ఆదాయంగా కనిపించింది. మధ్యలో జరిగిన కోత ఏ ఏడాది లాభంలోనూ కనపడలేదు. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు, స్టాండర్డే ఒప్పుకుంది. కానీ ఐదేళ్ల అమ్మకాలు వరసగా రాసుకుని ఈ కంపెనీ పెరుగుతోందా అని చూసే మా పెదనాన్న లాంటి మనిషికి ఆ వరస పనికిరాకుండా పోయింది.

అంతకు ముందేడు ఇంకో వింత జరిగింది. ఇండ్ ఏఎస్‌లోకి మారిన కంపెనీలు ఎక్సైజ్ సుంకాన్ని కూడా అమ్మకాల్లో కలిపి చూపాల్సి వచ్చింది. 2017 జూలై 1న జీఎస్‌టీ వచ్చాక పన్ను కలపకుండా చూపడం మొదలైంది. వంద రూపాయల సరుకు మీద పన్నెండున్నర సుంకం ఉంటే నిరుడు 112.50 అని కనిపించిన అమ్మకం ఈ ఏడు 100 అని కనిపిస్తుంది. సరుకు ఒక్కటి కూడా తగ్గలేదు, అమ్మకం మాత్రం 11 శాతం పడిపోయినట్టుంది. కొన్ని కంపెనీలు ఫలితాల కింద చక్కగా ఒక చిన్న పట్టిక ఇచ్చి, సుంకం తీసేస్తే రెండేళ్లకీ అమ్మకం ఇంత అని చూపించాయి. నాలుగు గీతల పట్టిక అది. మిగతావి 'అంకెలు పోల్చదగినవి కావు' అని ఒక వాక్యం రాసి ఊరుకున్నాయి. సరిచేయడానికి కావలసిన అంకె వాళ్ల చేతిలో ఉంది, సుంకం కట్టింది వాళ్లే కదా. అయినా ఇవ్వలేదంటే ఇవ్వాలనిపించలేదని తప్ప మరో కారణం నాకు తోచదు.

పదకొండు నెలల అగ్రిమెంట్లు

లీజుల స్టాండర్డ్ వచ్చిన రోజుల్లో నేను చాలా బ్రాంచీలున్న ఒక కంపెనీ అకౌంట్స్‌లో ఉన్నాను. బ్రాంచీల అద్దె అగ్రిమెంట్లన్నీ హైదరాబాద్ తెప్పించే పని మా టీముది. గోదావరి జిల్లాల్లోని ఒక ఊరి నుంచి వచ్చిన ఫైలు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. వంద రూపాయల స్టాంపు పేపర్లు, తెలుగులో టైపు చేసినవి, ఒకదాని మీద ఒకటి పిన్ను కొట్టి ఉన్నాయి. ప్రతిదీ పదకొండు నెలలకే. ప్రతిదానిలోనూ అద్దె ఐదు శాతం పెంపు. కింద సాక్షులు అన్నింటిలోనూ ఆ ఇద్దరే. అన్నిటికంటే అడుగున ఉన్న కాగితం పసుపురంగుకు తిరిగి మడతల దగ్గర చిరిగిపోయి ఉంది.

పదకొండు నెలలు ఎందుకో మనందరికీ తెలుసు. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలన్నది వాడుకలో ఉన్న లెక్క, ఖర్చు, తిరుగుడు. మరి ఇండ్ ఏఎస్ 116లో పన్నెండు నెలలు మించని లీజుల్ని అప్పుగా చూపక్కర్లేదని వెసులుబాటు ఉంది. రెండూ చక్కగా కలిసొచ్చాయి. అగ్రిమెంటు పదకొండు నెలలదే కాబట్టి అప్పు సున్నా అని మా కన్సల్టెంట్లు తేల్చేశారు. నేను ఆ బ్రాంచి మేనేజరుకు ఫోన్ చేసి, ఈ బిల్డింగు ఖాళీ చేసే ఆలోచన ఏమన్నా ఉందా అని అడిగాను. ఆయన నవ్వేశారు. "ఖాళీ చెయ్యడమేంటి సార్? ఊళ్లో ఎవర్నడిగినా మన పేరు చెప్పే ఈ సెంటర్‌కి దారి చూపిస్తారు. మొన్ననేగా ఏసీలు, ఫాల్స్ సీలింగు అన్నీ వేయించాం."

కాగితం పదకొండు నెలలంటోంది, వ్యాపారం పదేళ్లంటోంది. ఏది రాయాలి? స్టాండర్డ్ అడిగేది ఆ కాలమంతా ఉండటం తగినంత ఖాయమా కాదా అని. దాని మీద అంతర్జాతీయ స్టాండర్డ్‌లకు అర్థం చెప్పే కమిటీ 2019 నవంబర్‌లో వివరణ ఇచ్చింది. అగ్రిమెంట్లో రాసిన జరిమానా ఒక్కటే చూస్తే చాలదు, ఖాళీ చేస్తే వదిలేసుకోవాల్సిన ఫిట్టింగుల ఖర్చుతో సహా ఆర్థికంగా తగిలే దెబ్బంతా చూడాలి అని. మా ఆఫీసులో దీని మీద వాదనలు చాలా రోజులు నడిచాయి. చివరికి అలాంటి బ్రాంచీలన్నింటికీ గంపగుత్తగా మూడేళ్లని పెట్టారు. పదేళ్లు కాదు, పదకొండు నెలలు కాదు. మూడే ఎందుకంటే సమాధానం చెప్పగలిగినవాళ్లు గదిలో లేరు. ఆడిటర్లు సరే అన్నారు. రిపోర్టులో మాత్రం 'యాజమాన్యం తగిన విచక్షణతో లీజు కాలాన్ని నిర్ణయించింది' అన్న వాక్యం పడింది.

ఆ ఒక్క వాక్యం వెనక ఎంత దాగుందో బయటివాళ్లకు తెలియదు. పైన చెప్పిన లక్ష రూపాయల షాపే తీసుకోండి. కాలం తొమ్మిదేళ్లనుకుంటే అప్పు 73.8 లక్షలు. పదకొండు నెలలే అనుకుంటే సున్నా. తొమ్మిదేళ్లే ఉంచి వడ్డీ రేటు 9 నుంచి 12 శాతానికి మారిస్తే 65.9 లక్షలు, ఒక్క షాపు మీదే ఎనిమిది లక్షల తేడా. అందుకే మారిన ఏడాది ఏ రేటు వాడారో సగటు ఎంతో చెప్పి తీరాలని స్టాండర్డ్‌లో ఉంది. నిరుటి నోట్‌లో చూపిన లీజు బాకీలకూ ఈ ఏడాది అప్పుకూ తేడా ఎందుకొచ్చిందో వివరించాలని కూడా ఉంది. పాత రిపోర్టులు ఇంట్లో ఉంటే 2019–20ది తీసి ఈ నోట్ చదవండి. కొన్ని కంపెనీలు అంచెలంచెలుగా, ఇంత పొడిగింపు అవకాశాల వల్ల, ఇంత స్వల్పకాల లీజులు తీసేయడం వల్ల, ఇంత నేటి విలువకు కుదించడం వల్ల అని రాశాయి. కొన్ని చోట్ల ఒకే ముక్తసరి వాక్యం.

రిజర్వుల గుండా పోయే నష్టం

లీజుల స్టాండర్డ్‌లో ఇంకో సందు ఉంది. ఇది నన్ను ఎప్పుడూ కలవరపెడుతుంది కాబట్టి కొంచెం ఓపిగ్గా చెబుతాను.

మన షాపు లీజు మొత్తం పన్నెండేళ్లది, మూడేళ్లు గడిచాయి, తొమ్మిదేళ్లు మిగిలాయి అనుకుందాం. అప్పు 73.8 లక్షలు, ఇందులో ఎంపిక లేదు. ఆస్తి విలువ ఎంత అన్నదగ్గర రెండు దారులున్నాయి. అప్పు ఎంతో ఆస్తీ అంతే అనుకోవచ్చు. లేదా లీజు మొదలైన రోజు నుంచీ ఈ స్టాండర్డ్ ఉండి ఉంటే ఆస్తి ఇప్పటికి ఎంత మిగిలేదో లెక్కగట్టవచ్చు. రెండోదైతే పన్నెండేళ్లకు 87.9 లక్షలతో మొదలై, మూడేళ్ల తరుగుదల పోను 65.9 లక్షలు మిగులుతుంది. అప్పుకూ ఆస్తికీ మధ్య తేడా 7.9 లక్షలు, పన్ను సంగతి పక్కనపెడితే, నేరుగా రిజర్వుల్లోంచి పోతుంది. ఇక ఆ తర్వాత తొమ్మిదేళ్లూ ఏటా తరుగుదల 88 వేలు తక్కువ, అంటే లాభం ఏటా 88 వేలు ఎక్కువ.

ఆ 7.9 లక్షలు ఏ ఏడాది లాభనష్టాల ఖాతాలోనూ ఖర్చుగా కనపడవు. పాత మూడేళ్లలో 36 లక్షల అద్దె రాశారు, రాబోయే తొమ్మిదేళ్లలో 100 లక్షల చిల్లర రాస్తారు. ఓనరుకు ఇచ్చేది మాత్రం మొత్తం 144 లక్షలు. మధ్యలోని ముక్క రిజర్వుల గుండా వెళ్లిపోయింది. పైగా ఈ ఎంపిక కంపెనీ మొత్తానికి ఒకటే ఉండాలని లేదు, లీజుకో రకంగా చేసుకోవచ్చు.

న్యాయంగా చెప్పాలంటే రెండోదారే సిద్ధాంతపరంగా సరైనది. పాత ఏడాదిని తిరిగి రాసే పూర్తి పద్ధతిలో కూడా ఆస్తి విలువ ఇలాగే మొదటినుంచీ లెక్కగట్టాలి. నా అభ్యంతరం పాత గడిని ముట్టుకోకుండా ఈ పని చేయడం మీద. పూర్తి పద్ధతిలో అయితే కనీసం నిరుటి ఏడాదైనా కొత్త లెక్కలో కనిపిస్తుంది, చదివేవాడు రెండేళ్లు పక్కపక్కన పెట్టి చూసుకుంటాడు. సగం పద్ధతిలో ఎడమవైపు ఎబిటా కొత్తది, కుడివైపు ఎబిటా పాతది, మధ్యలో పెరుగుదల శాతం. ఆ శాతానికి అర్థమే లేదు. రెవెన్యూ స్టాండర్డ్‌లో అయితే సగం పద్ధతి ఎంచుకున్నవాళ్లు మారిన ఏడాది పాత పద్ధతిలో ఎంత వచ్చేదో కూడా చూపాలన్న నిబంధన ఉంది. లీజులకు ఆ నిబంధన పెట్టలేదు. పాఠకుడికి ఉన్న ఒక్క ఊతం కూడా తీసేశారు.

ఢిల్లీ వైపు కూడా చూడాలి

తప్పంతా కంపెనీలదే అంటే అన్యాయం. లీజుల అంతర్జాతీయ స్టాండర్డ్ 2016 జనవరిలో వచ్చింది. మన చార్టర్డ్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్ ముసాయిదా 2017లో వచ్చింది. అమలు 2019 ఏప్రిల్ 1 నుంచి. కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ గెజిట్‌లో నోటిఫై చేసింది ఎప్పుడనుకున్నారు? 2019 మార్చి 30న. శనివారం నోటిఫికేషన్, సోమవారం నుంచి అమలు. రెవెన్యూ స్టాండర్డ్‌ది ఇంకా విచిత్రం. 2015లో మొదటి నియమాలతో పాటే ఇచ్చారు, 2016 మార్చిలో వెనక్కి తీసుకున్నారు, మళ్లీ 2018 మార్చి 28న ఇచ్చి నాలుగు రోజుల్లో అమలన్నారు. బ్యాంకులకైతే మొత్తం ఇండ్ ఏఎస్ అమలునే ఒకసారి ఏడాది వాయిదా వేసి, 2019 మార్చిలో మళ్లీ చెప్పేదాకా ఆగమని రిజర్వు బ్యాంకు చెప్పింది. ముందే సిద్ధమైన బ్యాంకుల కష్టం ఏమైనట్టు? ముందుగా పని చేసుకున్నవాడు వెర్రివాడన్న పాఠం తప్ప వాళ్లకేం మిగిలింది?

దీనివల్ల ఒక చెడ్డ అలవాటు పాతుకుపోయింది. అకౌంటింగ్ పద్ధతుల మార్పు గురించి చెప్పే ఇండ్ ఏఎస్ 8లో ఒక మంచి నిబంధన ఉంది. వచ్చినా ఇంకా అమల్లోకి రాని స్టాండర్డ్ ఏదైనా ఉంటే, దాని ప్రభావం ఎలా ఉండబోతోందో ముందుగానే నోట్స్‌లో చెప్పాలి. మన దగ్గర 'వచ్చినా' అంటే నోటిఫై అయినా అని అర్థం. నోటిఫికేషన్ మార్చి నెలాఖరు దాకా రాదు. కాబట్టి చెప్పడానికేమీ లేదు. రిపోర్టుల్లో ఆ నోట్ దగ్గరికి వెళ్తే ఏటా అవే వాక్యాలు: మంత్రిత్వ శాఖ ఎప్పటికప్పుడు కొత్త స్టాండర్డ్‌లు నోటిఫై చేస్తుంది, ఈ ఏడాది అమలు కావాల్సినవేవీ లేవు. ఏదైనా ఉంటే 'కంపెనీ ప్రభావాన్ని పరిశీలిస్తోంది'. పరిశీలన ఎంతవరకు వచ్చిందో చెప్పరు.

అమెరికాలో సెక్యూరిటీస్ కమిషన్ 1987 నుంచీ దీని గురించి కంపెనీల వెంటపడుతోంది. ప్రభావం ఎంతో ఇంకా తెలియకపోతే తెలియదని రాయాలి, అంచనా పని ఏ దశలో ఉందో, ఏ ఏ లావాదేవీల మీద దెబ్బ పడొచ్చో మాటల్లోనైనా చెప్పాలి. అంకె లేదన్న సాకుతో నోరు మూసుకోకూడదన్నది దాని సారాంశం. మనకు సెబీ ఉంది, 2018 నుంచి అకౌంటింగ్, ఆడిట్‌ల మీద నిఘా పెట్టే ఎన్‌ఎఫ్ఆర్ఏ కూడా ఉంది. ఇంత చిన్న విషయం మీద ఒక సర్క్యులర్ ఇవ్వడం వాళ్లకు పెద్ద పనేం కాదు. 2016లో ఇండ్ ఏఎస్ తొలి ఫలితాలకు సెబీ నెల రోజుల గడువు పెంచింది, జూన్ త్రైమాసికానికి సెప్టెంబర్ 14 దాకా. కంపెనీల ఇబ్బంది చూసి గడువిచ్చినవాళ్లు, చదివేవాళ్ల ఇబ్బంది చూసి ముందస్తు సమాచారం అడగలేరా?

అవతలివాళ్ల వాదన

పాత ఏడాదిని తిరిగి రాయడం ఖర్చుతో కూడిన పని. అది నేను దగ్గరుండి చూశాను. పన్నెండేళ్ల కిందటి లీజుకు అప్పటి వడ్డీ రేటు ఎక్కడ దొరుకుతుంది? అప్పటి మేనేజరు వెళ్లిపోయాడు, ఫైలు చెదలు పట్టింది. పొడిగించుకుంటామని అప్పుడే అనుకున్నామా, జరిగిపోయాక అనుకుంటున్నామా? జరిగింది తెలిసి గతాన్ని లెక్కగట్టడంలో మోసానికి కూడా దారుంది. తిరిగి రాసిన పాత అంకె కచ్చితమైనదేమీ కాదని, కచ్చితంగా కనిపించే అంచనా మాత్రమేనని ఒక సీనియర్ ఆడిటర్ నాతో అన్నారు. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అందుకే చిన్న, లిస్టు కాని కంపెనీలకు వెసులుబాటు ఉండాల్సిందేనంటాను. కానీ దేశమంతా షాపులు తెరిచి, క్వార్టర్ క్వార్టర్‌కీ ఎనలిస్టులతో గంటసేపు కాల్స్ పెట్టే కంపెనీకి అంచనా వేసే శక్తి లేదంటే నమ్మను. రేపటి ఐదేళ్ల విస్తరణ ప్రణాళికను రూపాయల్లో చెప్పగలిగినవాళ్లు నిరుటి లీజుల్ని లెక్కగట్టలేరా?

ఇంకో వాదన ఉంది, దాని మీద మాత్రం నా మనసు రెండు వైపులా లాగుతుంది. రెస్టారెంటు, రిటైల్, హాస్పిటల్ చెయిన్లు కొన్ని ఇప్పటికీ ప్రజెంటేషన్లలో '116కి ముందు' ఎబిటా అని ఒక అంకె ఇస్తుంటాయి. అద్దెను ఖర్చుగానే చూపే పాత లెక్క. మొదట్లో దీన్ని మెచ్చుకున్నాను, పోల్చుకోవడానికి దారి చూపింది కదా అని. ఇన్నేళ్లయినా అదే ముందు పెడుతుంటే ఏమనుకోవాలి? ఆడిట్ అయిన లెక్క ఒకటి, యాజమాన్యం నిజంగా నమ్మే లెక్క ఇంకొకటా? మరోపక్క, నెలనెలా అద్దె కట్టే షాపు వ్యాపారం బాగోగులు చూడాలంటే నేను కూడా ఆ పాత అంకే వెతుక్కుంటాను. అద్దె తీసేశాక మిగిలేదెంతో తెలియకుండా ఒక టిఫిన్ సెంటరు లాభాల్లో ఉందో లేదో ఎవరైనా చెప్పగలరా? ఆ అంకె ఉండాలి, కానీ ఆడిటర్ సంతకం కింద ఉండాలి. ప్రస్తుతానికి అది ఏ సంతకం కిందా లేదు.

సత్యం కంప్యూటర్స్ పేరెత్తేవాళ్లు కూడా ఉంటారు, ముఖ్యంగా హైదరాబాద్‌లో. 2009 జనవరిలో లేని 5,040 కోట్లు బ్యాంకులో ఉన్నట్టు చూపామని ఒప్పుకున్న కంపెనీ మనది, ఏ స్టాండర్డ్ ఆపింది అంటారు. ఏదీ ఆపదు. అబద్ధం రాయాలనుకున్నవాడు ఏ పద్ధతిలోనైనా రాస్తాడు. నేను మాట్లాడేది నిజం రాయాలనుకుని, ఓపిక లేక సగం రాసేవాళ్ల గురించి. వాళ్ల సంఖ్య చాలా ఎక్కువ, వాళ్లను మార్చడం సాధ్యం కూడా.

118 దగ్గర ఆ వెసులుబాటు లేదు

అంతర్జాతీయంగా ఐఎఫ్ఆర్ఎస్ 18 అనే స్టాండర్డ్ 2024 ఏప్రిల్‌లో వచ్చింది, 2027 జనవరి 1 నుంచి మొదలయ్యే సంవత్సరాలకు వర్తిస్తుంది. దాని మన రూపమే ఇండ్ ఏఎస్ 118. నిర్వహణ లాభం అంటే ఏమిటో తొలిసారి నిర్వచించింది, ప్రతి కంపెనీ ఆ గీత దగ్గర ఆగి అంకె చూపాలి. 'సర్దుబాటు చేసిన ఎబిటా' లాంటి సొంత కొలతలు బయట వాడేవాళ్లు వాటిని నోట్స్‌లోకి తెచ్చి, స్టాండర్డ్ అంకెతో ముడిపెట్టి, ఆడిట్ చేయించుకోవాలి. '116కి ముందు' అంకెకూ సంతకం వచ్చే దారి తెరుచుకుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది వేరే ఉంది. ఇందులో సగం పద్ధతి లేదు. పాత ఏడాదిని తిరిగి రాయాల్సిందే. అంతేకాదు, లాభనష్టాల ఖాతాలో నిరుడు చూపిన ప్రతి గీతకూ, ఇప్పుడు తిరిగి రాసిన గీతకూ మధ్య తేడా ఎంతో పట్టిక ఇవ్వాలి. ఇదే నియమం లీజులకూ రెవెన్యూకూ ఉండి ఉంటే పెదనాన్న ఆ ఫోన్ చేసేవారే కాదు.

మన దగ్గర కూడా 2027 ఏప్రిల్ నుంచే అమలైతే, తొలి ఫలితాలు ఆ ఏడాది జూన్ త్రైమాసికానివి. వాటి పక్కన 2026 జూన్ త్రైమాసికం కొత్త రూపంలో ఉండాలి. అంటే 2026–27 పద్దులన్నీ ఏది నిర్వహణ, ఏది పెట్టుబడి, ఏది ఫైనాన్సింగ్ అని విడదీసి పెట్టుకోవాల్సిన పని గెజిట్ కోసం ఆగేది కాదు. కాబట్టి 2027 మార్చి రిపోర్టులు వచ్చాక నేను ముందు తెరిచేది ఆ ఇండ్ ఏఎస్ 8 నోట్‌నే. 'పరిశీలిస్తోంది' అని ఉంటే, వాటాదారుడిగా ఏజీఎంలో (వార్షిక సమావేశంలో) లేచి అడుగుతాను: ఏ పద్దులు ఏ గుంపులోకి వెళ్తున్నాయి, నిరుటి నిర్వహణ లాభం కొత్త లెక్కలో ఎంత? మీరూ అడగండి.